కథ చెప్పేది టీచరే, నడిపేది పిల్లలు

కిందటి సంచికలో ఘనా దేశపు అనాన్సి గురించి నాలుగు మాటలు రాశాను. ఆకాశ దేవుడి దగ్గరున్న కథలన్నిటినీ అనాన్సి అనే సాలీడు కొని భూమ్మీదికి తెచ్చాడని అక్కడి అకాన్ ప్రజలు చెప్పుకుంటారు. ఆ నాలుగు మాటలకే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి! ప్రైమరీ క్లాసుల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పిల్లలకు కథలు చెప్పడం గురించి అడిగితే నాకు అంతకన్నా సంతోషం లేదు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, మాది నెల్లూరు. ఇక్కడ బెంగళూరులో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి క్లాస్ టీచర్ని. ఒక్కో సెక్షన్‌కు ఒక్కో ఖండం ఇచ్చి అక్కడి జానపద కథలు చెప్పమన్నారు. నాకు ఆఫ్రికా వచ్చింది. ఐదు రోజులు, రోజుకో పీరియడ్. నలభై మంది పిల్లలు. ఇళ్లలో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ మాట్లాడతారు. శుక్రవారం పేరెంట్స్ ముందు చిన్న ప్రోగ్రాం. గడ్డి లంగాలు, ముఖానికి నల్ల రంగు, పేపర్ మాస్కులు అనుకున్నాం. పీపీటీ కూడా రెడీ చేశాను. కానీ కథ ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచర్, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ నల్ల రంగు, గడ్డి లంగాలు మానెయ్యండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. సాటి మనుషుల ఒంటి రంగును వేషంగా వేసుకోవచ్చని ఎనిమిదేళ్ల పిల్లలకు మనమే నేర్పితే, కథలో ఎంత మంచి ఉన్నా వాళ్లకు గుర్తుండేది ఆ వేషమే. మాస్కులూ వద్దు. అక్కడ ముసుగులు ఆయా ఊళ్ల పండగలకు, అంత్యక్రియలకు, పిల్లలు పెద్దవాళ్లయ్యారని చేసే వేడుకలకు సంబంధించినవి. పేపర్ ప్లేటుకు రెండు కన్నాలు పెట్టి ఆఫ్రికా ముసుగు అనడం అన్యాయం.

ఐదు రోజులున్నాయని ఐదు కథలు చెప్పకండి. రెండు చాలు. ఆ రెంటికీ ఊరూ పేరూ ఉండాలి. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. వైశాల్యంలో మన దేశం లాంటివి తొమ్మిది అందులో పడతాయి. ‘ఇది ఆఫ్రికా కథ’ అని మొదలుపెట్టకండి. ‘నైజీరియాలో దక్షిణాన కాలబార్ వైపు ఉండే ఎఫిక్ ప్రజల కథ’ అని చెప్పి, మ్యాపులో ఆ చోటు ఒక పిల్లవాడి చేత వేలితో చూపించండి. మన ఏడు చేపల కథను ఎవరైనా ‘ఆసియా కథ’ అంటే మన ప్రాణం ఒప్పుకుంటుందా? మీ పీపీటీలోంచి ఆ మ్యాపు ఒక్కటి ఉంచండి. కథ చెబుతున్నంతసేపూ తెర ఆపెయ్యండి. లేకపోతే పిల్లల కళ్లు మీ ముఖం మీద నిలవవు.

ఇక అసలు సంగతి. ఈ కథల్లో వినేవాళ్లకు పని ఉంటుంది. మన ఇళ్లల్లో ఊఁ కొట్టకపోతే అవ్వ కథ ఆపేసేది, గుర్తుందా? అక్కడ ఆ పద్ధతిని ఇంకా చాలా దూరం తీసుకెళ్లారు. కెన్యా, టాంజానియాల్లో స్వాహిలీ మాట్లాడేవాళ్లలో కథ చెప్పే మనిషి ‘పౌక్వా!’ అంటే వినేవాళ్లు ‘పకావా!’ అనాలి. నైజీరియాలో యోరుబా వాళ్లు ‘ఆలో ఓ!’ అంటే ‘ఆలో!’ అని బదులివ్వాలి. ఘనాలో అయితే కథ మధ్యలో వినేవాళ్లలో ఒకరు లేచి పాట అందుకుంటారు. అందరూ చప్పట్లు కొడుతూ కలిసి పాడాక కథ ముందుకు సాగుతుంది. ఆ పాటల్ని మ్మొగువో అంటారు. ఎఫువా సదర్లాండ్ అనే ఘనా నాటక రచయిత్రి ఎకుమ్ఫి అట్వియా అనే ఊళ్లో కథల కోసమే ఒక ఇల్లు కట్టించారు. మన బుర్రకథలో వంత లేకపోతే కథకుడు ఏం చేస్తాడు? ఇదీ అంతే. మీరు కథకులు, మీ నలభై మందీ వంత. పిల్లలు నిశ్శబ్దంగా చేతులు కట్టుకుని వింటున్నారంటే ఈ కథ ఇంకా మొదలు కాలేదని అర్థం.

మొదటి కథగా ఎఫిక్ వాళ్లదే తీసుకోండి. సూర్యుడు, నీళ్లు ప్రాణ స్నేహితులు. ఇద్దరూ భూమ్మీదే ఉండేవారు. సూర్యుడే ఎప్పుడూ నీళ్ల ఇంటికి వెళ్లేవాడు. మా ఇంటికెందుకు రావు అని అడిగితే, ‘నా వాళ్లు చాలామంది, మీ ఇల్లు పట్టదు, పెద్ద ఇల్లు కట్టు’ అన్నాయి నీళ్లు. సూర్యుడు పెద్ద ఇల్లు కట్టాడు. నీళ్లు వచ్చి గుమ్మంలో ‘లోపలికి రావచ్చా?’ అని అడిగాయి. రమ్మన్నాడు. నీళ్లు చేపల్ని, నీటిలో ఉండే జీవాలన్నిటినీ వెంటబెట్టుకుని మోకాళ్ల లోతు వచ్చాయి. ‘ఇంకా రావచ్చా?’ రా అన్నాడు. తల మునిగేంత వచ్చాయి. ‘ఇంకా రావచ్చా?’ స్నేహితుణ్ణి వద్దంటామా, రా అన్నాడు. సూర్యుడూ, ఆయన భార్య చంద్రుడూ ఇంటి కప్పెక్కారు. నీళ్లు కప్పును కూడా ముంచేస్తే ఇద్దరూ ఆకాశంలోకి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ అక్కడే ఉన్నారు.

చంద్రుడు భార్య ఏమిటి, చందమామ కదా మిస్ అని కచ్చితంగా ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ల ఊళ్లో అలా చెప్పుకుంటారని చెప్పి ముందుకెళ్లండి. అదే పెద్ద పాఠం, దాన్ని వివరించక్కర్లేదు.

ఈ కథను నేల మీద ఆడించండి. చాక్‌పీసుతో పెద్ద చదరం గీయండి, అది సూర్యుడి ఇల్లు. ఇద్దరు పిల్లలు లోపల. మిగతా అందరూ నీళ్లు, చేపలు, పీతలు, తాబేళ్లు. ప్రతిసారీ పదిమంది చొప్పున లోపలికి వస్తారు. వచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరి ఇంటి భాషలో వాళ్లు అడగాలి. ఒక గుంపు ‘లోపలికి రావచ్చా?’ అంటుంది. ఇంకో గుంపు ‘ఒళగె బరబహుదా?’ అంటుంది. తమిళ పిల్లలు ‘ఉళ్ళే వరలామా?’ అంటారు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా తన భాషలో ఒక్క వాక్యం గట్టిగా అనగలదు. మీ వైపు పిల్లలకు ఈ కథ ఇంకొంచెం దగ్గర. 2022 సెప్టెంబరు వానల్లో బెళ్లందూరు, మహదేవపుర చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చి, జనాన్ని ట్రాక్టర్ల మీద దాటించిన సంగతి వాళ్లు ఇంట్లో వినే ఉంటారు. చదరంలో కాలు పెట్టే చోటు లేనప్పుడు వాళ్లే ఆ మాట ఎత్తుతారు. ఎత్తనివ్వండి. కానీ మీరు దాన్ని చెరువుల సంరక్షణ పాఠంగా మార్చకండి, ఆ పీరియడ్ వేరే పెట్టుకోవచ్చు.

రెండో కథ అనాన్సిది. దాని గురించి కింద ఇంకో ఉత్తరంలో రాశాను, అదే వాడుకోండి. అకాన్ వాళ్లు అనాన్సి కథను ముగించే తీరు మాత్రం మీకు ఇక్కడే చెప్పాలి. మనం కథ కంచికి, మనం ఇంటికి అంటాం. వాళ్లేమో ‘నేను చెప్పిన ఈ కథ తీయగా ఉన్నా, లేకపోయినా, కొంత తీసుకెళ్లండి, కొంత నాకు తిరిగి రానివ్వండి’ అంటారు. మీ హోంవర్క్ ఇదే. కథను ఇంటికి తీసుకెళ్లి అవ్వకో, అజ్జికో, పాటికో, వాచ్‌మన్ తాతకో చెప్పాలి. వాళ్ల దగ్గర్నుంచి ఒక కథ తీసుకురావాలి. నోట్‌బుక్కులో రాయక్కర్లేదు, చెబితే చాలు. పిల్లలు తెచ్చేవి వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

శుక్రవారం ప్రోగ్రాంకు వేషాలెందుకు? మీరు ‘పౌక్వా’ అంటే పిల్లలు పేరెంట్స్ వైపు తిరిగి, వాళ్ల చేత ‘పకావా’ అనిపించాలి. నలుగురు పిల్లలు బెంచీ మీద తాళం వేస్తారు. అదే చదరం మళ్లీ గీసి, చివరి పదిమంది నీళ్లుగా అమ్మానాన్నల్నే రమ్మనండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయికి ఏడేళ్లు. మీరు రాసిన అనాన్సి గురించి వెతికి రాత్రిపూట చెప్పడం మొదలుపెట్టాను. కానీ ఈ సాలీడు అందర్నీ మోసం చేసి గెలుస్తాడు. చివర్లో ‘మోసం చేయకూడదు’ అని నేను కలుపుతుంటే పాప ‘మరి అనాన్సికి కథలు దొరికాయి కదా’ అంటోంది. ఇలాంటి కథలు చెప్పడం మంచిదేనా?
– ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: బాబూ, మీ పాప సరిగ్గా విన్నది. ఆ చివరి వాక్యం మీరు కలపడం ఆపెయ్యండి.

పంచతంత్రంలో కుందేలు సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లలో ఇంకో సింహం ఉందని నమ్మించి చంపించింది. ఆ కుందేలు అబద్ధం చెప్పిందని మనమెవరమైనా పిల్లల్ని హెచ్చరించామా? తెనాలి రామకృష్ణుడి కథలు చెప్పి, రాజుగారిని అలా ఏమార్చకూడదని నీతి చెప్పామా? చిన్నవాడు పెద్దవాణ్ణి తెలివితో గెలిచినప్పుడు పిల్లలకు కలిగే ధైర్యం వేరు. ఇంట్లో, బడిలో, వీధిలో అందరికన్నా చిన్నవాళ్లు వాళ్లే.

అనాన్సి ఎవరిమీద గెలిచాడో చూడండి. న్యామే అనే ఆకాశ దేవుడు కథలకు అడిగిన ధర మామూలుది కాదు. ఒనిని అనే కొండచిలువ, ఒసెబో అనే చిరుతపులి, కుట్టి చంపే కందిరీగలు, మ్మొఆతియా అనే కంటికి కనబడని అడవి మనిషి. పెద్ద పెద్ద ఊళ్లవాళ్లే ఈ ధర ఇచ్చుకోలేకపోయారు, నీవల్ల ఏమవుతుంది అన్నాడు దేవుడు. అనాన్సి ఇంటికొచ్చి భార్య అసోను అడిగాడు. ఉపాయం చెప్పింది ఆమే. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు, మీ పాపకు మాత్రం తప్పకుండా చెప్పండి. తాటి కొమ్మ, తీగ తీసుకెళ్లమంది అసో. నువ్వు పొడుగా, ఈ కొమ్మ పొడుగా అని మా ఆవిడకూ నాకూ పందెం అని అనాన్సి కొండచిలువను కొమ్మ పక్కన సాగి పడుకోమని, కట్టేశాడు. కందిరీగల కోసం సొరబుర్ర నిండా నీళ్లు తీసుకెళ్లాడు. సగం నీళ్లు వాటిమీద, సగం తనమీద పోసుకుని, తలమీద అరిటాకు పెట్టుకుని, ‘వానొస్తోంది, ఈ బుర్రలోకి రండి’ అన్నాడు. అవి రాగానే మూత పెట్టేశాడు. మీరు చెప్పేటప్పుడు పాప చేతికి ఒక చెంబు, తలమీద ఒక పుస్తకం ఇచ్చి కందిరీగల్ని ఆమె చేతే పిలిపించండి.

ఇంకో సంగతి పెద్దవాళ్లుగా మీరు తెలుసుకోవాలి. బానిసలుగా పట్టి ఓడల్లో అట్లాంటిక్ దాటించిన అకాన్ ప్రజలతో పాటు అనాన్సి కూడా జమైకాకు వెళ్లాడు. అన్నీ లాక్కున్నా ఈ కథలు మాత్రం వాళ్ల నోట్లో మిగిలాయి. కొరడా పట్టుకున్నవాడి ముందు బలం లేని మనిషికి ఉన్నది తెలివి ఒక్కటే. ఆ జనం అనాన్సిని ఎందుకంత ప్రేమించారో అర్థం చేసుకుంటే, అతణ్ణి మోసగాడని తీసిపారేయడానికి మనసు రాదు. ఏడేళ్ల పిల్లకు ఇదంతా ఇప్పుడే చెప్పక్కర్లేదు. పదేళ్లొచ్చాక చెప్పండి.

అనాన్సి ప్రతిసారీ గెలవడు కూడా. లోకంలోని తెలివంతా ఒక కుండలో దాచుకుని, దాన్ని పొట్టకు కట్టుకుని చెట్టెక్కబోయాడు. కుండ అడ్డం వచ్చి ఎక్కలేకపోతుంటే, కింద నిలబడ్డ కొడుకు న్టికుమా ‘నాన్నా, కుండ వీపుకు కట్టుకోవచ్చు కదా’ అన్నాడు. తెలివంతా తన దగ్గరే ఉందనుకున్న అనాన్సికి ఒళ్లు మండి కుండ జారవిడిచాడు. తెలివి ఊరంతా చెదిరి అందరికీ తలా కొంచెం దొరికింది. రేపు రాత్రి ఇది చెప్పండి. పాప మీతో వాదనకు దిగుతుంది, అదే కావాలి.

నీతి చెప్పకపోతే కథ పూర్తయినట్టు లేదనిపిస్తే, నీతి బదులు ప్రశ్న పెట్టండి. మన భేతాళుడు చేసే పనే అది. పశ్చిమాఫ్రికాలో ప్రశ్నతో ఆగే కథలు కొల్లలు. లైబీరియా కథ ఒకటుంది. వేటకెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. రోజులు గడిచాయి, అందరూ మరిచిపోయారు. తండ్రి వెళ్లాక పుట్టిన చిన్నవాడికి మాటలొచ్చాయి. ‘నాన్నేడీ?’ అని అడిగాడు. అప్పుడు అన్నలు లేచి వెతికారు, అడవిలో ఎముకలు దొరికాయి. ఒకడు ఎముకలు పేర్చాడు, ఒకడు కండ పెట్టాడు, ఒకడు రక్తం ఎక్కించాడు, ఒకడు ఊపిరి పోశాడు. తండ్రి లేచి ఇంటికొచ్చి, ఆవు తోకతో అందమైన చామరం చేశాడు. దాన్ని ఎవరికివ్వాలి? అక్కడ ఆగండి. మీ పాప చెప్పేదాకా ఆగండి. కథలో తండ్రి ఎవరికిచ్చాడంటారా, ‘నాన్నేడీ’ అని అడిగిన ఆ చిన్నవాడికే.

ప్రశ్న: జాంజిబార్ కథ అంటూ మా అబ్బాయి స్కూల్లో చెప్పింది అచ్చం మన కోతి-మొసలి కథలా ఉంది. మన కథను వాళ్లు తీసుకున్నారా?
– ఒక తల్లి, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: మీరన్నది నిజం. జాంజిబార్ అంటే టాంజానియా తీరాన ఉన్న దీవి. అందులో మొసలికి బదులు సొరచేప, నేరేడు చెట్టుకు బదులు మేడి జాతి చెట్టు. సుల్తానుకు జబ్బు చేసింది, కోతి గుండె కావాలంటుంది సొరచేప. మా కోతులం గుండెను చెట్టుమీద పెట్టి వస్తామంటుంది కోతి. పంచతంత్రం ఆరో శతాబ్దంలో పహ్లవీ అనే అప్పటి పర్షియా భాషలోకి, ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అనే రచయిత చేతుల మీదుగా అరబ్బీలోకి వెళ్లింది. అరబ్బు ఓడలు, మన గుజరాతీ వర్తకుల ఓడలు జాంజిబార్‌కు వెళ్తూనే ఉండేవి. కథ ఆ ఓడల్లోనే వెళ్లి ఉండవచ్చు. తీసుకున్నారా అని అడగడం కన్నా, అక్కడివాళ్లు దానికి ఏం చేశారో చూడటం బాగుంటుంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు కాబట్టి మొసలిని సొరచేప చేసుకున్నారు. మీ అబ్బాయిని మన బెంగళూరుకు తగినట్టు ఈ కథ మార్చి చెప్పమనండి. హలసూరు చెరువులో ఏ జంతువు ఉంటుందో వాడే తేలుస్తాడు.

ప్రశ్న: అమ్మా, మాది మదనపల్లె. కొడుకు దగ్గర హెన్నూరులో ఉంటున్నాను. మా పై అంతస్తులో ఆఫ్రికా నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లలు అద్దెకుంటున్నారు. మా మనవడు, రెండో తరగతి, వాళ్లు మెట్లు దిగుతుంటే ఒక మాట అని నవ్వుతాడు. ఆ మాట ఇక్కడ రాయలేను. కొడుకూ కోడలూ చిన్నపిల్లాడు, వదిలెయ్ అంటారు. నాకు మనసు కష్టంగా ఉంది. కథలు చెబితే మారతాడా? నాకు చదువు తక్కువ.
– ఒక అవ్వ, హెన్నూరు, బెంగళూరు

జవాబు: అక్కయ్యా, మీకు కష్టంగా ఉండటమే సరైన సంగతి. చిన్నపిల్లాడని వదిలెయ్యకండి. కథ తర్వాత. ముందు ఈ రోజే వాణ్ణి కూర్చోబెట్టి, ఆ మాట మన ఇంట్లో ఎవరూ అనకూడదని చెప్పండి. కొడుక్కూ, కోడలికీ కూడా నా మాటగా చెప్పండి. ఇలాంటి నవ్వులు పెద్దయ్యాక ఎక్కడికి పోతాయో మన నగరం చూసింది. 2016 జనవరి ఆఖర్లో, ఎవరో చేసిన రోడ్డు ప్రమాదానికి, ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థినిని ఇక్కడి గుంపు కారులోంచి లాగి కొట్టింది. చదువుకుందామని మన ఊరికొచ్చిన ఆడపిల్ల ఆమె.

తర్వాత మనవడికి, వాళ్లు మనకు కొత్తవాళ్లు కాదని చెప్పండి. మన రాష్ట్రంలోనే ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపుర, హళియాళ వైపు సిద్దీలున్నారు. వాళ్ల పూర్వీకులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చారు, చాలామంది బానిసలుగా తెచ్చినవాళ్లు. ఇప్పుడు కన్నడం, కొంకణి మాట్లాడే మన సాటివాళ్లు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు మీరూ వినే ఉంటారు. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా అశ్వికదళం పేరే అది.

ఇక కథలు. చదువు తక్కువని బాధపడకండి, ఈ కథలు నోటితో బతికినవే. మాలి దేశంలో గ్రియోలు అనే కథకుల వంశాలున్నాయి. 21 తీగల కోరా మీటుతూ 13వ శతాబ్దపు రాజు సుండియాటా కథను తరతరాలుగా నోటితోనే చెబుతున్నారు. చిన్నప్పుడు నడవలేని పిల్లవాడు ఇనుప కడ్డీ ఊతంగా లేచి నిలబడి, పెద్దయ్యాక సామ్రాజ్యం కట్టిన కథ. మీ మనవడికి ముందు నైజీరియా ఇగ్బో వాళ్ల తాబేలు కథ చెప్పండి. పక్షులకు ఆకాశంలో విందు. తాబేలు తలా ఒక ఈక అడిగి రెక్కలు కట్టుకుని వాటితో వెళ్తుంది. విందుకు అందరం కొత్త పేర్లు పెట్టుకుందాం, నా పేరు ‘మీరందరూ’ అంటుంది. ఈ వంటలెవరికి అని తాబేలు అడిగితే ‘మీరందరికీ’ అంటారు విందు ఇచ్చినవాళ్లు. అంతే, అంతా తానే తినేస్తుంది. పక్షులు కోపంతో ఈకలు లాక్కుంటే తాబేలు కిందపడి డిప్ప పగులుతుంది. అందుకే తాబేలు వీపుమీద అన్ని గీతలు. ఇంట్లో లడ్డూలు పంచేటప్పుడు చెప్పండి, వాడు మళ్లీ మళ్లీ అడుగుతాడు.

కథ చెప్పేటప్పుడు ఆ దేశాల్లో అడవులు, సింహాలే ఉన్నట్టు అనిపించకూడదు. లేగోస్, నైరోబీ మన బెంగళూరులాగే ట్రాఫిక్‌తో కిటకిటలాడే నగరాలని కొడుకు చేత ఫోన్లో ఫొటోలు చూపించండి. పై అంతస్తు పిల్లలు మెట్లమీద కనబడితే మనవడి చేత నమస్తే చెప్పించండి. పేరు అడగమనండి, ఏ దేశమో అడగమనండి. కథ చెప్పమని, పాట పాడమని మాత్రం వాళ్లను అడగకండి. పరీక్షలకు చదువుకునే పిల్లలు వాళ్లు, మనకు వినోదం చూపించడానికి రాలేదు. పరిచయం పెరిగి వాళ్లే ఇంటికొస్తే ఇంత ఉగ్గాణి పెట్టండి.

ప్రశ్న: ఇలాంటి కథలు తెలుగులో ఎక్కడ దొరుకుతాయి? మా ట్యూషన్ పిల్లలకు ఖర్చు లేకుండా కావాలి.
– ఒక ట్యూషన్ టీచర్, బీటీఎం లేఅవుట్, బెంగళూరు

జవాబు: ప్రథమ్ బుక్స్ వాళ్లది మన బెంగళూరే. వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. తెలుగులోనూ ఉన్నాయి. దక్షిణాఫ్రికా నుంచి నడిచే ఆఫ్రికన్ స్టోరీబుక్ కథలు కూడా అందులో కనబడతాయి. రెంటికీ ఓపెన్ లైసెన్సే కాబట్టి పిల్లలకు పంచడానికి ఇబ్బంది లేదు, రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లున్న పేజీ మాత్రం తీసెయ్యకండి. నచ్చిన కథ తెలుగులో లేకపోతే అక్కడే మీరు అనువదించి పెట్టొచ్చు. పెట్టే ముందు ఒకసారి ట్యూషన్ పిల్లలకు పైకి చదివి వినిపించండి. వాళ్లు ఏ వాక్యం దగ్గర మళ్లీ చెప్పమంటే ఆ వాక్యం మార్చండి.